మిర్యాము చేతిలోని వాద్యము



సంగీతమనగానే హార్మోనియం, తబలా, కీబోర్డు మనకు గుర్తుకు వస్తాయి. గురువు దగ్గర నేర్చుకోని వారిని మనము వాద్యగాళ్ల లెక్కలో వేయము. మా కె.గంగవరం ప్రాంతములో నేనెరిగిన ఒక పెద్దాయన గురించి చెబుతాను. ఆయన కూలిపని చేసుకొని బ్రతికినవాడు. డప్పు ఆయనకు జీవనాధారము కాదు, ప్రాణము.

గుండ్రని చెక్క చట్రానికి తోలు బిగించి, ఎండుగడ్డి మంట దగ్గర కాచి, ఒక చేత చిర్రతోను మరొక చేత సన్నని పుల్లతోను ఆయన దరువు వేస్తే పసిపిల్లల కాళ్లు కూడా నిలువవు. తోలు చల్లబడితే పలుకు మందగిస్తుంది. మళ్లీ ఎంత సెగ చూపాలో వేలితో తట్టి చెప్పేవాడు.

ఆయన తండ్రి కాలములో డప్పు కొట్టడము వెట్టి. చావుకు, జాతరకు, చాటింపుకు ఊరు కబురు పెడితే వెళ్లవలసిందే. అందుచేత ప్రభువును నమ్ముకున్న కుటుంబాలు చాలాచోట్ల డప్పును విడిచిపెట్టాయి. వారు పడిన అవమానమును మనము తేలికగా చూడరాదు. ఈయన కూడా డప్పును అటక ఎక్కించాడు. కాని చేతులు ఊరుకోలేదు. బండి కాడి మీద, బియ్యపు డబ్బా మీద, మందిరములో పాట మొదలైతే తన మోకాలి మీద దరువు వేస్తూనే ఉండేవాడు.

ఒక క్రిస్మస్‌కు ఇంటింటికి పాటలతో వెళ్లేటప్పుడు యౌవనస్థులు బతిమాలి ఆ డప్పును దింపించారు. సంఘములో కొందరు నొచ్చుకున్నారు. "చావు డప్పుతో ప్రభువు పాటా?" అని నన్నడిగారు. నేను నిర్గమకాండము 15వ అధ్యాయము తీశాను. ఎర్ర సముద్రము దాటిన తరువాత మిర్యాము చేత పట్టిన వాద్యమును మన తెలుగు బైబిలు తంబుర అంటుంది. మనకు తంబుర అంటే తీగల వాద్యము. హెబ్రీలో ఉన్న మాట ‘తోఫ్’. అది గుండ్రని చట్రానికి తోలు బిగించి చేతితో వాయించేది. 150వ కీర్తనలోనూ అదే మాట ఉన్నది. మన డప్పుకు అది దగ్గరి చుట్టమే. ఆ రోజున దానిని మ్రోగించినవారు వెట్టిచాకిరి నుండి అప్పుడే బయటపడిన స్త్రీలు.

ఈ మాట విని పెద్దాయన అన్నాడు: "అయ్యగారండీ, మా నాన్న ఊరు పిలిస్తే కొట్టాడండి. నాకైతే కొట్టాలనిపించి కొడుతున్నానండి."

వెట్టికి, స్తుతికి ఉన్న తేడాను ఇంత తేటగా చెప్పిన ప్రసంగము నేను వినలేదు. చేతిలో ఉన్నది అదే డప్పు. దానిని పట్టుకున్న మనిషి ఇప్పుడు స్వతంత్రుడు.

ఇలాంటి వాద్యాలను లోకము ఆలస్యముగానైనా గౌరవిస్తున్నది. మన గోదావరికే ఎగువన, మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. తన జాతి వీరుల కథలను డోలు మీద పాడి నిలిపిన ఆయన 2024లో కన్నుమూశారు.

మీ ఊరిలోనూ ఏదో ఒక అటక మీద ఇలాంటి డప్పు ఉండవచ్చును. ఆ చేతులు వణకక ముందే మీ పిల్లలను ఆ ఇంటికి పంపండి. అయితే కొట్టమని ఎవరినీ ఆజ్ఞాపించకండి. మర్యాదగా అడగండి. ఆయన ఇష్టపడితే పక్కన కూర్చొని నేర్చుకోండి.