టేకుచిగురులోని ఎరుపు

గోదావరీతీరాన ఒక గ్రామంలో, శ్రావణమాసపు అపరాహ్ణవేళ, విశ్రాంత సంస్కృతోపాధ్యాయులొకరు ఎనిమిదేండ్ల మనుమరాలితో వీధి అరుగుపై కూర్చున్నారు. సహధర్మచారిణి పరమపదించి అప్పటికి నాలుగు మాసాలు. బాలిక నోట నిత్యం ఒకటే ప్రశ్న: "తాతయ్యా, బామ్మ ఏమైపోయింది?" ఆత్మ నిత్యమని, దేహం జీర్ణవస్త్రం వంటిదని ఆయన బోధించి చూశారు. దశాబ్దాలుగా తరగతిలో చెప్పిన మాటలే. బాలిక శ్రద్ధగా విని, "అయితే ఆ పాతబట్ట ఎక్కడుంది?" అన్నది.

ఆనాడు ఆకుల అచ్చులాటకు ఆయన సమ్మతించినది, నిజానికి, ఆ ప్రశ్న నుండి తప్పించుకొనుటకే.

అచ్చుకు తెల్లని నూలువస్త్రం కావాలి. పెట్టె అడుగున ఒక పంచె ఉన్నది. ఆమె స్వహస్తాలతో గంజిపెట్టి మడచినవాటిలో మిగిలినది అదొక్కటే. గంజి ఉన్నంతవరకు నూలుపోగుకు ఆకురసం సరిగా పట్టదు. దానిని ఒడిలో పెట్టుకొని ఆయన చాలాసేపు కూర్చున్నారు. మనుమరాలు రెండుసార్లు పిలిచింది. పిదప నూతివద్దకు వెళ్లి గంజి పోయేవరకు తామే ఉతికారు. పటికనీటిలో నానబెట్టి ఆరవేశారు.

ఎండుటాకు అచ్చునీయదు, రసమున్న ఆకే కావాలి. తులసిని, మారేడును ఆయన ముట్టనీయలేదు, అవి పూజకే. బాలిక పెరటిలోని బంతి ఆకులను, గట్టువెంట టేకుచిగుళ్లను ఏరి తెచ్చింది. పీటపై వస్త్రం పరచి, ఈనెలు ఉబ్బిన వైపు వస్త్రానికి తగిలేటట్లు ఆకునుంచి, పైన మరొక గుడ్డ కప్పి చెక్కసుత్తితో మెల్లగా కొట్టాలి. బలంగా కొడితే రూపం చెదరి మరకే మిగులుతుంది. మొదటి మూడు అచ్చులు అట్లే పోయినవి.

బంతి ఆకు పచ్చనిగుర్తు నిచ్చింది. టేకుచిగురు క్రిందనుండి మాత్రం ఎరుపు వెలువడినది. బాలిక ఆకును త్రిప్పి త్రిప్పి చూచింది. "ఇందులో ఎరుపే లేదు కదా తాతయ్యా! ఎక్కడినుంచి వచ్చింది?"

ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలో తొమ్మిదవ కారిక సత్కార్యవాదానికి ఐదు హేతువులు చెబుతున్నది. కార్యం కారణంలో ముందే అవ్యక్తంగా ఉన్నదని, పుట్టుక ఆవిర్భావమని, నాశం తిరోభావమని ఆ మతం. నువ్వులలో నూనె ప్రసిద్ధదృష్టాంతం. నైయాయికులు దీనిని అంగీకరించరు; వారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆయన మాత్రం ఇంతే అన్నారు: "లోపలే ఉన్నది తల్లీ. మనకు కనబడలేదు."

బాలిక సుత్తిని ప్రక్కన పెట్టింది. "బామ్మ కూడా అంతేనా?"

"పెద్దలు అట్లాగే చెప్పారు."

"మరి ఈ ఎరుపు మళ్లీ ఆకులోకి పోతుందా?"

నలిగిన చిగురు పీటపై నల్లబడుతున్నది. లయమంటే కార్యం స్వకారణాన్ని చేరుటయేనని శాస్త్రవాక్యం ఆయన నాలుక చివరనే ఉన్నది. దానిని ఆయన పలకలేదు.

"నాకు తెలియదు తల్లీ" అన్నారు.

బాలిక దాపుకు జరిగి, పంచె రెండవ కొసను ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ కలసి దానిని నీడలో తీగపై ఆరవేశారు. మరునాటికి బంతి ఆకుపచ్చ కొంత గోధుమవన్నెకు తిరిగినది. ఆయన ఆ పంచెకు మరల గంజి పెట్టలేదు.