కెర్నల్‌లోకి ఏది రావాలి?

25 మార్చి 2025, మంగళవారం

నిన్న లైనక్స్ 6.14 విడుదలైంది. ఎన్‌టీసింక్ డ్రైవర్ ఎట్టకేలకు ఇందులో పూర్తి రూపంలో వచ్చింది. విండోస్ గేములను లైనక్స్ మీద ఆడించే వైన్ కోసమే రాసిన డ్రైవర్ అది. మధ్యాహ్నం మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు పట్టుకున్నాడు. "అన్నా, ఒక్క ప్రోగ్రామ్ కోసం కెర్నల్‌లో కోడ్ పెట్టడమేంటి? రేపు ఇంకొకళ్లొచ్చి మాకూ కావాలంటే?" సబబైన ప్రశ్న. ప్యాచ్‌లు చదివి చెబుతానన్నాను.

26 మార్చి, బుధవారం

చదివాను. విండోస్‌లో ఒక థ్రెడ్ ఒకేసారి నాలుగైదు లాక్‌ల కోసం ఎదురుచూడొచ్చు. అన్నీ ఖాళీగా ఉన్న క్షణంలో అన్నీ కలిపి దాని చేతికొస్తాయి. ఒక్కటి దొరక్కపోయినా దేన్నీ ముట్టుకోదు. వైన్ ఈ పనిని వైన్‌సర్వర్ అనే వేరే ప్రాసెస్ చేత చేయిస్తూ వచ్చింది. లాక్ పట్టుకోవాలన్నా వదలాలన్నా దాన్నే అడగాల్సి వచ్చేది. క్షణక్షణం లాక్‌లతో పనిపడే గేములు అక్కడే ఇరుక్కుపోయేవి.

లైనక్స్ సొంత లాక్ సదుపాయమైన ఫ్యూటెక్స్‌ల మీద కట్టిన మార్గం వేగంగానే నడిచింది గానీ, 'అన్నీ కలిపి' అన్న మాట నిలబెట్టలేకపోయింది. 5.16లో వచ్చిన ఫ్యూటెక్స్ వెయిట్‌వీకి కూడా 'ఏదో ఒకటి' కోసం ఆగడమే తెలుసు. ఒకదాన్నొకటి నమ్మలేని ప్రాసెస్‌ల మధ్య ఇలాంటి హామీ, అదీ వేగంగా ఇవ్వాలంటే, కెర్నలే దిక్కు. డ్రైవర్ రాసిన ఎలిజబెత్ ఫిగురా ఇచ్చిన లెక్కల్లో, మామూలు వైన్‌తో సెకనుకు 26 ఫ్రేములు వచ్చే రెసిడెంట్ ఈవిల్ 2 దీనితో 77కి చేరింది.

వేగం కంటే ఎక్కువగా దాని పొదుపు నచ్చింది నాకు. సెమఫోర్, మ్యూటెక్స్, ఈవెంట్: లోపలికి తెచ్చినవి ఈ మూడే. రిజిస్ట్రీ, విండోలు వగైరా అంతా బయట వైన్‌లోనే ఉండిపోయింది. అక్కర్లేనివాళ్లు ఆ మాడ్యూల్‌ని బిల్డ్ చేసుకోనే అక్కర్లేదు.

28 మార్చి, శుక్రవారం

ఇవాళ రెండోవైపు, అంటే కెర్నల్‌లోకి రాకూడనివి చూశాను. లైనక్స్ 2.4లో కేహెచ్‌టీటీపీడీ అని ఒక వెబ్ సర్వర్ కెర్నల్‌లోనే ఉండేది. మారని పేజీలను అక్కణ్నుంచే పంపేది. 2.6 వచ్చేసరికి తీసేశారు. సెండ్‌ఫైల్, ఈపోల్ మాత్రం నిలిచాయి. ఫైలును నేరుగా సాకెట్‌లోకి పంపడం, వేల కనెక్షన్లను కనిపెట్టుకుని ఉండడం ఏ సర్వర్‌కైనా కావలసిన పనులే. అందుకే బయటి సర్వర్లు వాటితోనే వేగం సంపాదించుకున్నాయి.

విండోస్‌లో హెచ్‌టీటీపీని చదివే పని సర్వర్ 2003 నుంచీ కెర్నల్‌లోనే ఉంది. 2015 ఏప్రిల్‌లో దాని లోపం బయటపడింది. రిక్వెస్ట్‌లో రేంజ్ అనే ఒక్క హెడర్‌ని వంకరగా రాసి పంపితే చాలు, ఎక్కడో ఉన్న మెషీన్ కూలిపోయేది. ఫాంట్ల కథా అలాంటిదే. 1996లో ఎన్‌టీ 4.0 గ్రాఫిక్స్‌ని కెర్నల్‌లోకి తెచ్చింది. 2011లో బయటపడ్డ డుకూ అనే మాల్వేర్, వర్డ్ ఫైల్లో పొదిగిన ఒక ఫాంట్ ద్వారా నేరుగా కెర్నల్‌లో చొరబడింది. విండోస్ 10లో ఫాంట్లు చదివే పనిని బయటికి, కట్టుదిట్టమైన వేరే ప్రాసెస్‌లోకి పంపించారు.

రెండుచోట్లా కొంప ముంచింది ఒకటే: ఊరూపేరూ తెలియని బైట్లను విప్పి చదివే కోడ్‌కి సర్వాధికారాలూ ఇవ్వడం.

30 మార్చి, ఆదివారం, ఉగాది

ఇక మా సొంత పనికొస్తే, మేం డ్రైవర్ రాసే డివైస్ పంపే మెసేజ్‌లను ఆ డ్రైవర్‌లోనే డీకోడ్ చేసి ఇమ్మని అప్లికేషన్ టీమ్ అడుగుతోంది. ఆలస్యం తగ్గాలన్నది వాళ్ల బాధ, అది నిజమే. పెర్ఫ్‌తో కొలిచి చూస్తే సమయమంతా మెసేజ్‌కొక రీడ్ కాల్ చేయడంలోనే పోతోంది. డీకోడింగ్ వాటా నామమాత్రం. కాబట్టి రెండువైపులా కనబడే రింగ్ బఫర్‌ని ఎంమ్యాప్‌తో ఇద్దాం, ఒక్కో మెసేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాత్రమే డ్రైవర్ చెబుతుంది అని జవాబు రాశాను. మెసేజ్ ఫార్మాట్ ఏడాదికోసారి మారుతుంది. యూజర్‌స్పేస్‌ని చెడగొట్టకూడదన్న లైనక్స్ నియమం ప్రకారం, కెర్నల్ ఒకసారి ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌ని ఏళ్ల తరబడి మోయాలి. ఆ రెండింటికీ పొసగదు.

కుర్రాడికి రేపు చెప్పేదీ ఇదే. అడిగింది ఒక్కరా పదిమందా అని చూడకు. బయట ఉండి సరిగ్గా చేయడం కుదరదని తేలాకే లోపలికి రానివ్వు. అప్పుడైనా కుదరని ఆ ముక్క మటుకే.