మొలక పరీక్ష

మా చిట్కుల్‌లో చదువుకున్నవారికి పొలం కంటె ఫ్యాక్టరీయే దగ్గర. మా అన్న పటాన్‌చెరు వైపు ఒక కంపెనీ ఆఫీసులో గుమస్తా. నిరుడు దసరా ముందు అతనికి "మీ బోనస్ వివరాలు చూడండి" అని ఈమెయిల్ వచ్చింది. నొక్కాడు. తెర మీద "మీరు మోసపోయారు, ఇది పరీక్ష మాత్రమే" అన్న అక్షరాలు వెలిశాయి. దొంగల ఎత్తులు ఉద్యోగులు గుర్తుపట్టాలని కంపెనీయే పంపిన బూటకపు ఉత్తరమది. మర్నాడు మీటింగులో నొక్కినవారి పేర్లు చదివారు. అందరూ నవ్వారట.

"నవ్వితే నవ్విన్రు గని, బోనస్ అని ఆశ పెట్టుడేందిరా?" అన్నాడు అన్న.

సైన్సు విద్యార్థిగా నాకు పరీక్ష మీద కోపం లేదు. ఇటువంటి దొంగ ఉత్తరాన్ని ఫిషింగ్ అంటారు, అనగా గాలం వేయడమే. 2005లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీదనే ఈ ప్రయోగం చేశారు. తెలియనివారి పేరుతో ఉత్తరం వస్తే నూటికి 16 మంది, స్నేహితుని పేరుతో వస్తే 72 మంది తమ పాస్‌వర్డు ఇచ్చేశారు. నమ్మడం మనిషి స్వభావం, తెలివితక్కువతనం కాదు. 2020 డిసెంబరులో గోడాడీ అనే కంపెనీ 650 డాలర్ల బోనస్ ఎర చూపి ఇదే పరీక్ష పెట్టింది. విమర్శలు వచ్చాక ఉద్యోగులకు క్షమాపణ చెప్పుకొంది. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రులలో 19,500 మంది ఉద్యోగులను ఎనిమిది నెలలు పరిశీలించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందినవారికీ పొందనివారికీ పొరపాట్లలో తేడా 1.7 శాతమే!

మరి పరీక్షలు మానేయాలా? మా నాయిన విత్తే ముందు నూరు గింజలు తడి గోనెసంచిలో చుట్టి పెడతాడు. కొన్ని రోజులకు విప్పి మొలకలు లెక్కిస్తాడు. అరవయ్యే మొలిస్తే గింజను తిట్టడు. విత్తనం మోతాదు పెంచుతాడు, లేదా వేరే విత్తనం తెస్తాడు. ఆ పరీక్ష గింజ పరువు తీయడానికి కాదు, పంటను కాపాడడానికి.

అన్న ఇప్పుడు అనుమానపు ఉత్తరం వస్తే ఎవరికీ చెప్పడు, గమ్మున తీసేస్తాడు. అదే ఉత్తరం పక్క బల్ల ఆయనకూ వచ్చిందేమో! సిగ్గుపడినవాడు నోరు విప్పడు. దొంగకు కావలసిందీ అదే. ఊళ్ళలోనూ అంతే. పీఎం కిసాన్ పేరుతో రైతుల ఫోన్లకు నకిలీ యాప్‌లు వస్తున్నాయి. నొక్కినవారు వెంటనే 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశముంది. నలుగురూ నవ్వుతారని దాచుకుంటే ఆ సమయం కాస్తా గడిచిపోతుంది.

కనుక మిత్రులారా, మనలో రేపు ఆఫీసర్లయ్యేవారికి నా మనవి. పరీక్ష పెట్టండి, పేర్లు చదవకండి. నొక్కినా సరే, వెంటనే చెప్పినవాణ్ణి మెచ్చుకోండి.

మా ఇంట్లో ఈ పద్ధతి మొదలైంది. ఏ మెసేజ్ వచ్చినా నాయిన "ఇది నొక్కాల్నా, వద్దారా?" అని ఫోన్ నా చేతికిస్తాడు. ఎన్నిసార్లడిగినా నేను నవ్వను.