దోయాంగ్ తీరాన ఆమూర్ అతిథులు

నాగాలాండ్‌లోని వోఖా జిల్లాలో, ఒక కొండ మీద, లోథా నాగాలు నివసించే పాంగ్తి అనే గ్రామం ఉన్నది. దాని దిగువన దోయాంగ్ జలాశయం కొండల నడుమ వంపులు తిరుగుతూ పరచుకొని ఉంటుంది. అక్టోబరు మధ్య నుండి కొన్ని వారాలపాటు, ప్రొద్దు వాలే వేళ ఆ తీరాన నిలిచిన యాత్రికుడు తల ఎత్తి చూస్తే ఆకాశమంతా డేగలే. లక్షలాది పక్షులు సుడులు తిరుగుతూ దిగి, చెట్ల కొమ్మల మీద, విద్యుత్తు తీగల మీద బారులు తీరుతాయి. చీకటి పడిన తరువాత కూడా వాటి కలకలం కొండలలో వినబడుతూనే ఉంటుంది.

వీటి పేరు ఆమూర్ డేగలు. రష్యా, చైనా సరిహద్దున ప్రవహించే ఆమూర్ నదీప్రాంతం వీటి పుట్టినిల్లు. దక్షిణాఫ్రికా పచ్చిక మైదానాలు శీతకాలపు విడిది. సుమారు నూట యాభై గ్రాములు తూగే ఈ పక్షి ఏటా రానుపోను సుమారు 22,000 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. పావురం బరువులో సగమే ఉన్న ప్రాణికి అంతటి సత్తువ ఎక్కడిది?

సమాధానం మనకు చిరపరిచితమైనదే. వాన వెలిసిన సాయంకాలం దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళను ఎరుగని తెలుగువారుండరు. అవి రెక్కలు వచ్చిన చెదపురుగులు. వర్షఋతువు ముగిసే సమయానికి ఈశాన్య కొండలలో అవి భూమిలో నుండి వేల సంఖ్యలో వెలువడుతాయి. డేగలు వాటిని కడుపారా తిని, కొవ్వును కూడబెట్టుకొంటాయి. ఆ కొవ్వే ముందున్న ప్రయాణానికి ఇంధనం. దోయాంగ్ వాటికి కేవలం మజిలీ కాదు. సముద్రయానానికి ముందు దొరికే సత్రం.

ఇక్కడ నుండి బయలుదేరిన డేగలు దక్కను పీఠభూమిని దాటి అరేబియా సముద్రం మీదకు వెళ్తాయి. ఆఫ్రికా తీరం చేరేవరకు సుమారు 3,000 కిలోమీటర్ల నీరు. కాలు మోపడానికి చెట్టు లేదు, రాయి లేదు. ఆ కాలంలో పైవాతావరణంలో వీచే ఈశాన్య పవనాలే వాటిని ముందుకు నెట్టుతాయి.

ఆ గాలులతో ప్రయాణించేవి డేగలొక్కటే కావు. మాల్దీవులలో ఏటా అక్టోబరులో అసంఖ్యాకంగా తూనీగలు ప్రత్యక్షమవుతాయి. తూనీగ గ్రుడ్లు పెట్టడానికి మంచినీరు కావాలి. ఆ పగడపు దీవులలో నిలువనీరు బహు స్వల్పం. మరి అవి ఎక్కడివి? అక్కడ నివసించిన జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ ఏళ్ళ తరబడి గమనించి, అవి భారతదేశం నుండి సముద్రం దాటి ఆఫ్రికాకు పోతున్నవని 2009లో ప్రతిపాదించాడు. ఆమూర్ డేగలకు నడిసముద్రంలో ఆహారం ఈ తూనీగలే కావచ్చునని ఆయన ఊహ.

ఇంత దూరం పోగల పక్షి దోయాంగ్ ఒడ్డున మాత్రం నిస్సహాయమైనది. 2000 సంవత్సరంలో జలవిద్యుత్ పథకం పూర్తి అయినపుడు పాంగ్తివారి సారవంతమైన పొలాలు నీట మునిగినవి. సేద్యం పోయినవారు కొందరు చేపలు పట్టసాగారు. గుంపులుగా దిగే డేగలు వారి కంట పడ్డాయి. చేపల వలలనే చెట్ల మధ్య కట్టారు. 2012లో పాత్రికేయురాలు బానో హరాలు, మరికొందరు పక్షి ప్రేమికులు ఆ దృశ్యాన్ని చిత్రీకరించి లోకానికి చూపారు. ఆ ఒక్క ఋతువులో లక్షకు పైగా డేగలు వలలలో చిక్కి చచ్చాయని వారి అంచనా.

చట్టం ఎప్పటి నుండో ఉన్నది. వలస జీవుల రక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 1983 నుండి భాగస్వామి. అయినా మారుమూల కొండ మీద వల దించవలసినది గ్రామస్థుడి చేయి. గ్రామ పెద్దలు, చర్చి, అధికారులు, స్వచ్ఛంద సేవకులు కూర్చొని మాట్లాడుకొన్నారు. వేటను నిషేధిస్తూ గ్రామ మండలి నిర్ణయించింది. 2013లో వలలు లేవలేదు.

ఆ నవంబరులోనే శాస్త్రజ్ఞులు మూడు డేగలకు సౌరశక్తితో పనిచేసే ఐదేసి గ్రాముల ప్రసార యంత్రాలను అమర్చి వదిలారు. వాటికి 'నాగా', 'వోఖా', 'పాంగ్తి' అని పేర్లు పెట్టారు. జాతి పేరు, జిల్లా పేరు, ఊరి పేరు! ఉపగ్రహాల ద్వారా వాటి జాడ తెలుస్తుంటే, మొన్నటివరకు బుట్టలో కూరగా ఉండిన పక్షి సోమాలియా చేరిన వార్త ఊరివారికి తమ బిడ్డ క్షేమసమాచారం వలె వినవచ్చింది. మరుసటి ఏడు వాటిలో కొన్ని నాగాలాండ్‌కు తిరిగి వచ్చాయి కూడా.

అయితే ఈ కథకు ఖరీదు చెల్లించినది ఎవరో మరువరాదు. డేగలను అమ్మి పిల్లల బడి జీతాలు కట్టిన కుటుంబాలు ఆ రాబడిని వదులుకొన్నాయి. చూడవచ్చే యాత్రికులకు బస ఏర్పరచి కొందరు కొంత సంపాదించుకొంటున్నారు. కాని డేగలు ఉండేది కొద్ది వారాలే, మిగిలిన నెలలు పొయ్యి వెలగవలసినదే. సైబీరియాకు, ఆఫ్రికాకు చెందిన ఒక సంపదను పాంగ్తి కాపాడుతున్నది. పాంగ్తిని ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న, డేగలు వెళ్ళిపోయిన తరువాత కూడా, ఆ కొండ మీద నిలిచే ఉంటుంది.