మా గన్నవరం, ఆ గన్నవరం

తమ్ముళ్లూ! ఇంజనీరింగ్‌లో ఉండగా ఓ రోజు ఫ్లైట్ సిమ్యులేటర్ ముందు కూర్చున్నాను. రాజమండ్రిలో లేచి, జీపీఎస్‌లో డైరెక్ట్ మీట నొక్కి, గన్నవరం విమానాశ్రయం కోడ్ వీఓబీజడ్ కొట్టి, రెండుసార్లు ఎంటర్ నొక్కాను. తెరపై గులాబీ గీత పడింది. ఆటోపైలట్ వేసినా విమానం గీత వైపు తిరగదే! అడిగితే నవ్వుతారని అరగంట నోరు మెదపలేదు. హాస్టల్ బిడియం మరి. చివరికి అడిగితే ఓ సీనియర్ నావ్-జీపీఎస్ స్విచ్ మార్చాడు. నావ్ మీద ఉంటే ఆటోపైలట్ రేడియో సంకేతాన్నే చూస్తుందట, జీపీఎస్ గీతను కాదట. విమానం వెంటనే తిరిగింది.

"మీ ఊరికేనా?" అన్నాడు.

"కాదన్నా, అది కృష్ణా జిల్లా గన్నవరం. మాది అక్విడెక్టు గన్నవరం."

విమానాశ్రయం లేని మన ఊరు ఆ జీపీఎస్‌లో ఎక్కడుంటుంది? ఆటోపైలట్ తీసేసి, గోదావరి పాయ పట్టుకుని కంటితోనే వెతికాను. వైనతేయ దొరికింది గాని, అక్విడెక్టు కనబడలేదు.