ఇంటిపేరుకు ఒక గడి



పోయిన నెల మూడు ఆదివారాలు మేము సంఘం ఆఫీసులో ఒక కంప్యూటర్ ఫైలు ముందు కూర్చున్నాం. మేము అంటే సభ్యుల రిజిస్టరు చూసే ముగ్గురం ముసలివాళ్ళం. మాకు తోడు మన సభ్యుల ఇంటి కుర్రాడు ఒకడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఫైలును డబ్ల్యూఎస్‌డీఎల్ అంటారట. పేరు చూసి భయపడకండి, మేమూ భయపడ్డాం. చివరికి అది మన ఇంటిపేర్ల గొడవే అని తేలింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

మన పిల్లల స్కాలర్‌షిప్ జాబితా ఏటా బెంగళూరులోని ఒక తెలుగు సంఘానికి పంపుతాం కదా. ఇదివరకు కాగితం మీద పోయేది. ఇప్పుడు వాళ్ళ ప్రోగ్రామే మన ప్రోగ్రామును అడిగి తీసుకుంటుంది. ఈసారి జాబితా అచ్చు వేసి చూసుకుని వాళ్ళు ఫోన్ చేశారు. "ఏమండీ, మీ ఊళ్ళో ఇంటిపేర్లన్నీ ఒక్క అక్షరమేనా?" అన్నారు. చూస్తే ఇంటిపేరు ఉండాల్సిన చోట కె, ఆర్, ఎస్ అని ఉంది. మొదట నవ్వాం. తరువాత నవ్వు రాలేదు.

తప్పు ఎక్కడుందో చూపిస్తానని కుర్రాడు ఎక్లిప్స్ అనే దాంట్లో ఆ ఫైలు తెరిచాడు. కింద రెండు ట్యాబులు. డిజైన్ నొక్కితే పెట్టెలు, గీతలు. సోర్స్ నొక్కితే రాత. 2001 నాటి 1.1 పద్ధతిలో రాసిన ఫైలు అది. 2007లో 2.0 వచ్చినా మాది పాతదే. ఇలాంటివి ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తున్నాయట.

అందులో అయిదు భాగాలు. మొదటిది, ఏ గడిలో ఎలాంటి వివరం ఉండాలి. రెండు, పోయే కాగితం, వచ్చే కాగితం. మూడు, ఏమేమి పనులు అడగవచ్చు. నాలుగు, ఏ పద్ధతిలో పంపాలి. అయిదు, ఏ అడ్రసుకు రావాలి. అంతే. రైల్వే పార్సిల్ ఆఫీసులో పని చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బుక్ చేసిన స్టేషన్‌లో బిల్లు మీద ఏ గడులున్నాయో, దించుకునే స్టేషన్‌లోనూ అవే గడులుండాలి. బరువు రాయాల్సిన చోట మూటల లెక్క రాస్తే అవతలి క్లర్కు తల పట్టుకుంటాడు.

మన ఫైలులో పేరుకు రెండే గడులు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. మా తరం అందరం తమిళ మీడియంలో చదివాం. బడిలో చేర్చిన రోజే నాయన పేరు మొదటి అక్షరం ముందు తగిలించారు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు, మనమూ చెప్పలేదు. సర్టిఫికెట్‌లో అదే, రైల్వే సర్వీసు రిజిస్టరులో అదే, పెన్షన్ కాగితంలోనూ అదే. అలవాటు కొద్దీ ఆ ఇనీషియల్‌నే లాస్ట్ నేమ్ గడిలో కొట్టాం. బెంగళూరువాళ్ళు దాన్ని ఇంటిపేరు అనుకున్నారు. తప్పు వాళ్ళది కాదు.

"ఫైలు తప్పుంటే కంప్యూటర్ చెప్పదా?" అని అడిగాం. కుర్రాడు ఒక గుర్తు కావాలనే చెరిపాడు. పక్కన ఎర్ర గుర్తు పడింది. ఒక పేరును ఒకచోట మార్చి, దాన్ని పిలిచే ఇంకోచోట మార్చకుండా వదిలేశాడు. మళ్ళీ ఎర్ర గుర్తు. అన్నీ సరిచేసి అన్నాడు, "ఇప్పుడు ఫైలులో ఒక్క తప్పూ లేదు మామా. కానీ మీ ఇంటిపేరూ లేదు." ఆ మాట మాకు తగిలింది. రాతలో తప్పు యంత్రం పడుతుంది. మనం మరిచింది అది ఎలా పడుతుంది?

సరే, గడి పెడదాం అన్నాం. దాని పేరు హౌస్ నేమ్ అని పెట్టాడు. మాలో ఒకాయనకు చూపిస్తే తన మేడ మీద చెక్కించిన "నిలయం" పేరు కొట్టాడు! ఇక ఇంగ్లీషు వద్దు, ఇంటిపేరు అనే పెట్టమన్నాం. తెలుగు అక్షరాల్లో కూడా పెట్టవచ్చునట, ఆ పద్ధతి ఒప్పుకుంటుందట. అవతలివాళ్ళ కీబోర్డులకు కష్టమని గడి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, లోపల రాసేది మాత్రం తెలుగులోనే అని తేల్చాం. దానికి కారణం ఉంది. తమిళ లిపిలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. బండివారు అని రాస్తే పండివారు అని చదువుతారు. రెండు తరాలు అలా చదివితే ఆ ఇల్లు మారిపోయినట్టే.

పాత లాస్ట్ నేమ్ గడి తీసేయమంటే కుర్రాడు ఒప్పుకోలేదు. అవతలివాళ్ళ ప్రోగ్రాము దాన్ని నమ్ముకుని ఉంది, చెప్పకుండా తీస్తే ఆగిపోతుంది. కొత్త ఫైలుకు కొత్త గుర్తింపు పేరు పెట్టి, రెండూ కొన్నాళ్ళు పక్కపక్కన నడపాలన్నాడు. ఆ గుర్తింపు పేరు వెబ్ అడ్రసులా కనిపిస్తుంది కానీ అడ్రసు కాదు, పేరే.

అసలు తగువు మూడో ఆదివారం వచ్చింది. ప్రతి గడికీ మిన్ ఆకర్స్ అని ఒక అంకె ఉంటుంది. ఒకటి అయితే ఆ గడి ఉండి తీరాలి. సున్నా అయితే ఆ గడి లేకుండానే పంపవచ్చు. ఏమీ రాయకపోతే ఒకటి అని లెక్క. మేము ఒకటే ఉండాలని పట్టుబట్టాం. సున్నా పెడితే ఎవరు నింపుతారు? మాతో కూర్చున్న అక్క అంతసేపూ మాట్లాడలేదు. అప్పుడు అడిగింది. "మా అత్తగారింట్లో ఇంటిపేరు ఎవరికీ తెలియదు. తెలిసిన అవ్వ పోయి ఇరవై ఏళ్ళయింది. నా మనవడి కాగితం వెనక్కి పంపుతారా?"

ఎవరం బదులు చెప్పలేకపోయాం. ఒకటి అని పెడితే తెలియనివాళ్ళు చుక్కో, అబద్ధమో పెడతారు. చుక్క పెట్టినా ఎర్ర గుర్తు పడదు. సున్నా అనే పెట్టమన్నాం.

ఫైలులో మనుషుల కోసం మాటలు రాసుకునే చోటు కూడా ఉంది, డాక్యుమెంటేషన్ అంటారు. అక్కడ తెలుగులోనే రాయించాం: "ఇది నాయన పేరు కాదు, ఊరి పేరు అని కొట్టివేయరాదు, మేడ పేరు కాదు. తాతల నాటి ఇంటిపేరు. తెలియకపోతే వదిలేయండి, మేము వచ్చి అడుగుతాం."

ఆ చివరి మాట ఏ ప్రోగ్రామూ చదవదు. అది మా పని. అందుకని మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ రాత్రే అడగండి. తెలుగులో రాయడం రాకపోతే నోటితో చెప్పి ఫోన్‌లో పంపండి, మేము విని రాసుకుంటాం. అక్కవాళ్ళ అత్తగారి ఊరికి వచ్చే ఆదివారం మేము ముగ్గురం బయలుదేరుతున్నాం. అక్కడ దాయాదుల ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడట. ఆయనకు గుర్తుండవచ్చు.