కంకిపాడు: నెర్రెల నేల, నీడపట్టు కుండ

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే పెనమలూరు దాటాక కంకిపాడు. వరి కోసి, మినుము కూడా పీకేశాక వేసవిలో ఇక్కడి చేలల్లోకి దిగి చూడండి. నల్లరేగడి అరచెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంటుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ కాలువలతో మాగాణిగా మారిన సీమ ఇది. ఈ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. రైతుకు అలవాటైన ఈ గుణమే కుమ్మరికి పెద్ద పరీక్ష.

చిన్న ముంతకు ఇబ్బంది లేదు. బాన, గోలెం దగ్గరే అసలు కష్టం. తడి మట్టి తన బరువు తాను మోయలేదు. ఒక్క ఊపులో ఎత్తు లేపితే పొట్ట జారిపోతుంది. అందుకే మన కుమ్మరులు సారె మీద మూతి, మెడ తీర్చి, గోడ మందంగా ఉండగానే దించేస్తారు. కాస్త బిగిశాక లోపల రాయి ఆనించి, బయట చెక్క సలపతో తట్టుతూ పొట్ట పెంచుతారు, అడుగు మూస్తారు. వేలితో నొక్కితే సొట్ట పడకూడదు, గోటితో గీస్తే గీత పడాలి. ఆ అదను దాటితే సలప దెబ్బకు పగులే. గుండ్రటి అడుగు నేలకు అణగకుండా గడ్డి కుదురు మీద కూర్చోబెడతారు. జార్జియా దేశంలో వైన్ పులియబెట్టే క్వెవ్రీ జాడీలనూ కొంచెం కొంచెంగా, వారాల తరబడి పైకి లేపుతారు. ఎక్కడైనా మట్టి తొందరను ఒప్పుకోదు.

ఆరబెట్టడం నీడలోనే. మూతి ముందు ఆరి ముడుచుకుంటే, తడిగా ఉన్న పొట్ట దానితో కలిసి రాదు. మధ్యలో నెర్రె పడుతుంది. అందుకే మూతికి తడిగుడ్డ కప్పాలి. మట్టిలో ఇసుక కలిపితే ముడుచుకోవడం తగ్గుతుంది.

ఆవకాయ జాడీలాంటిది 1,200 డిగ్రీల దరిదాపుల్లో కాలుతుంది కాబట్టి కొలిమిలో కుంగే భయం ఉంది. మన ఆవం వేడి సాధారణంగా 900 దాటదు. అంతమాత్రానికి మట్టి మెత్తబడదు. ఇక్కడ శత్రువు లోపల మిగిలిన తడే. 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై గోడను చీలుస్తుంది. మొదట సన్నటి సెగ చాలు, మంట తర్వాత.

ఈ వేసవిలో గోలెం కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే నెర్రె లేనట్టే. బేరం మొదలుపెట్టే ముందు, నీడలో ఎన్నాళ్లు ఆరిందో ఒక్క మాట అడగండి.